హర్గీసా నుంచి వచ్చినాయన

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి చదవండి, ముందే ఒప్పుకుంటున్నాను. గల్ఫ్‌లో హిద్ నుంచి రిఫా వైపు వెళ్లే ఆ బస్సులో ఏసీకి నా మీసాలు గడ్డకట్టాయి. పక్క సీటాయన ఎంత పొడగరి అంటే, లేచి నిలబడితే బస్సు పైకప్పుకు సొట్ట పడేది.

"సోమాలియానా, భాయ్?" అని హిందీలో పలకరించాను.

"కాదు, సోమాలిలాండ్. విడిపోయి ముప్పై ఏళ్లు దాటింది. మాది దేశమని లోకం ఇంకా ఒప్పుకోదు."

"ఓస్, గంతేనా! మాది తెలంగాణ. మేమూ కొట్లాడి వేరుపడ్డోళ్లమే. నడిరోడ్డు మీద వంటావార్పు పెట్టినం. మీరూ పెట్టుండ్రి, ఎందుకియ్యరో చూద్దాం!"

ఆయన పకపకా నవ్వాడు. తర్వాత అరచేతిని మోకాలి మీంచి విమానంలా లేపి, గాల్లో ఒక చుట్టు తిప్పి, మళ్లీ అదే మోకాలి మీదికి దించాడు.

"విడిపోకముందు మాట, నేను చిన్నపిల్లాణ్ని. మా ఊరు హర్గీసాలో లేచిన విమానాలు మా హర్గీసా మీదే బాంబులు వేశాయి. సోమాలియా సర్కారువి, అంటే అప్పటి మా సర్కారు విమానాలే. ఇంకెలా కలిసుంటాం, చెప్పు భాయ్?"

ఆయన తర్వాతి స్టాపులో దిగిపోయాడు. నేను పేరైనా అడగలేదు.

ఇందులో నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే, ఆ నవ్వు. వంటావార్పు మాటకు ఆయన నవ్వలేదు.