కాటా మీద హెవీవెయిట్

బాక్సింగ్‌లో నేను పాతకాలం పక్షం. ఇప్పటి హెవీవెయిట్లంటే నాకు చిన్నచూపు. ఇంతకీ నేను జీవితంలో ఎవరినీ కొట్టింది లేదు. మా ఇంట్లో దోమల్ని కూడా మా ఆవిడే కొడుతుంది. అయినా మిడిల్ పాయింట్‌లో టీకొట్టు దగ్గర గ్లాసు చేతికందిందంటే చాలు, నాలోని నిపుణుడు లేచి కూర్చుంటాడు.

నా పాండిత్యమంతా మా నాన్నది. మిన్నీ బే క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో రేడియోకి చెవి ఆనించి విన్న కబుర్లు ఆయన చెబితే, వాటినే నా సొంత పరిశోధనలా వినిపిస్తుంటాను. ప్రత్యర్థి మా చెల్లెలి భర్త. మా దీవుల ఉత్తరపు కొసన డిగ్లీపూర్‌లో టీచరు. సెలవులకి మా ఇంటికొచ్చినప్పుడల్లా ఇదే వాదన. అతనిది ఇప్పటివాళ్ల పక్షం.

"ఏటి బావా, మరీ ఇదిగా మాటాడతావు! ఇప్పుడోళ్ల ఎత్తు చూసావా? చేతుల పొడుగు చూసావా? మీ పాతోడు దగ్గరికొచ్చే లోపే ఖతమ్," అంటాడు.

"ఆ నూట ఇరవై కిలోలూ ఒట్టి బరువే బావా, దమ్ లేదు. అప్పటోళ్లు తేలిగ్గా ఉండి పదిహేను రౌండ్లు ఆడేవోరు. ఇప్పుడు పన్నెండే. అందులో సగం ఒకడి మీద ఒకడు వాలిపోడమే!" అంటాను, ఇంకో సమోసా అందుకుంటూ.

ఈమధ్య వాళ్ల పాపకి చెవులు కుట్టించడానికి ముహూర్తం పెట్టారు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టించడం మా ఆనవాయితీ. పాప పుట్టినప్పటి నుంచీ నేను ఎదురుచూసింది ఆ రోజు కోసమే. బంగారు పోగులు నేనే చేయించాను. కొత్త పంచె కట్టుకుని, దిండుని ఒళ్లో పెట్టుకుని అద్దం ముందు కూర్చుని కూడా చూసుకున్నాను. ఆఫీసులో సెలవు ఆఖరి నిమిషంలో దొరకడంతో నాన్నా నేనూ హెలికాప్టర్‌కి టికెట్లు తీసుకున్నాం. ముహూర్తం ఆ మధ్యాహ్నమే. బస్సులో వెళితే చేరేసరికి చీకటి పడిపోతుంది.

హెలికాప్టర్ ఎక్కే ముందు సామానుతో పాటు మనిషినీ కాటా మీద నిలబెడతారు. ముందు బక్కపలచటి మా నాన్న ఎక్కారు. కౌంటర్‌లోని మన తెలుగమ్మాయి, ఆయన నిజంగా ఎక్కారా లేదా అని తొంగి చూసింది. తర్వాత నేను ఎక్కాను. బరువు తగ్గిపోతుందన్నట్టు పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాను. ఎర్ర అంకెలు పైకి పోతూనే ఉన్నాయి. చివరికి ఆగిన అంకె నాకు బాగా తెలిసినదే. ఇప్పటి ఛాంపియన్లని వెక్కిరించడానికి నేను వాడే అంకె అది.

గాలి ఎక్కువగా ఉందని ఆ రోజు లోడ్ తగ్గించమన్నారట. ఆ అమ్మాయి ఏవో కూడికలూ తీసివేతలూ చేసి, మొహమాటంగా నావైపు చూసింది.

"అంకుల్, ఆప్ రుక్ జాయియే. మీరొక్కరు ఆగితే బాకీ అందరూ వెళ్లిపోవచ్చు."

"నేను మేనమామని బేటా! పాపని నా ఒళ్లోనే కూర్చోబెట్టాలి. కావాలంటే సామాన్ ఇక్కడే వదిలేస్తాను."

"సామాన్ కాదంకుల్..." అని ఆగిపోయింది. మిగతాది చెప్పక్కర్లేదు కదా. వెనక ఎవరో నవ్వారు.

నాన్న నా చేతిలోంచి పోగుల డబ్బా తీసుకున్నారు. "నాను సూసుకుంటాన్లేరా. నువ్వింటికెళ్లి ఏటైనా తిను," అని గబగబా నడిచిపోయారు. హెలికాప్టర్ లేచిపోతుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

బ్రూక్షాబాద్‌లో ఇంటికి చేరాక, తిండి సయించడం లేదని మా ఆవిడతో చెప్పి, మామూలుగానే తిన్నాను. చెయ్యి కడుక్కుంటుండగా బావ వీడియో కాల్ చేశాడు. పాప నాన్న ఒళ్లో ఉంది. చెవులకి నా పోగులు, బుగ్గల మీద కన్నీటి చారలు. ఆ బక్క మోకాళ్ల మీద అంత హాయిగా ఎలా కూర్చుందో! నా ఒళ్లయితే ఎంత మెత్తగా ఉండేదో ఆ పిల్లకి తెలియనే తెలియదు.

"బావా, నువ్వు చెప్పిందే రైటు," అన్నాడు బావ నవ్వాపుకుంటూ. "పాతోళ్లే గెలిచారు. ఒప్పేసుకుంటన్నాను."

ఆ మాట అతని చేత అనిపించాలని ఇన్నేళ్లూ గొంతు చించుకున్నాను. తీరా అన్నాక చూసుకుంటే, ఓడినవాళ్లలో నేనున్నాను.

"పాపని ఇంకోసారి చూపించు బావా," అన్నాను.