ఆకులు మేసేదానికి కోరలు

బస్సు టైరు పంక్చరైందని అందరూ దిగారు. రోడ్డు పక్క టీకొట్టు ముందు ఓ లారీ ఆగి ఉంది. టార్పాలిన్ కింది నుంచి మూరెడేసి గోళ్లు మూడు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. బస్సు దిగిన మేస్త్రి చేతిలో టీ గ్లాసుతో అక్కడే నిలబడిపోయాడు. అది తను మూసలో పోసిన బొమ్మే. ఇరవై ఏళ్లు మ్యూజియం హాల్లో నిలబడ్డ రాకాసిబల్లి.

లారీలోంచి బావమరిది దిగాడు. మ్యూజియంలో స్టోరు సూపర్‌వైజరు.

"అరె, నువ్వేంటి బావా ఇక్కడ?"

"మీ మ్యూజియానికేరా. కొత్త తల పెడతారని విన్నా. ఆ పని నేనే అడుగుదామని."

ఇక్కడ ఆ జంతువు సంగతి కాస్త చెప్పుకోవాలి. థెరిజినోసారు దాని పేరు. మొదట్లో గోళ్లు చూసి ఏదో పెద్ద తాబేలనుకున్నారట పండితులు! తర్వాత ఏ వంశమో తేలక చాలాకాలం కొట్టుకుని, చివరికి రెండు కాళ్ల మీద నడిచే మాంసాహారుల కుటుంబంలో, థెరోపాడ్లలో కలిపారు. అయినా ఇది మేసింది ఆకులే అంటారు. చిన్న తల, బానపొట్ట, పక్షిలాంటి ముక్కు. వేటగాడింట పుట్టి ఆకుకూరతో సరిపెట్టుకున్న పిల్లాడన్నమాట.

తల ఎలా ఉండాలో బొమ్మ పోసేనాటికి మేస్త్రికి తెలీదు. కనుక్కుని చేస్తానని గడువడిగాడు. "హాలు ప్రారంభం నెత్తిమీదుంది. పక్క హాలు మాంసాహారి మూస ఉందిగా, అదే పోసెయ్ బావా, ఎవడు చూడొచ్చాడు?" అన్నది ఈ బావమరిదే. మేస్త్రి పోసేశాడు, కత్తుల్లాంటి కోరలతో సహా. అప్పట్నుంచీ ఆ హాల్లోకి వెళ్లినప్పుడల్లా తలెత్తి చూడలేకపోయాడు. అది దిద్దుకోవాలనే ఈ ప్రయాణం.

"ఆ పని వేరేవాళ్లకి ఇచ్చేశారు బావా. ఇది వాళ్ల దగ్గరికే తీసుకెళ్తున్నా."

"ఏం, నా చేతులు పడిపోయాయా?"

"తప్పుతల పెట్టినవాడికే మళ్లీ ఎలా ఇస్తామన్నారు."

"ఆ మూస పొయ్యమన్నదెవరో చెప్పావా?"

బావమరిది కొట్టువాడిచ్చిన టీ ఊదుకున్నాడు. చల్లారిన టీని కూడా ఊదుకుంటూనే ఉన్నాడు.

"నాకింకా సర్వీసుంది బావా. నీకైతే పోయేదేముంది? అక్కతో మాత్రం అనకు."

"తాడు వదులైందండోయ్!" అని అరిచాడు డ్రైవరు.

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. గోళ్ల కొసలు విరక్కుండా గోనెపట్టా చుట్టి, తాడు బిగించి ముడేశాడు. చేతులకి ఆ పని ఎవరూ చెప్పక్కర్లేదు.

"నీ ముడి ముడే బావా! అక్కని అడిగానని చెప్పు."

అవతల టైరు మార్చిన బస్సు హారన్ కొడుతోంది. మేస్త్రి బస్సు వైపు పోలేదు, బావమరిది వైపు చూడలేదు. చేతులు పంచెకి తుడుచుకుంటూ, వచ్చిన దారినే ఇంటివైపు నడిచిపోయాడు.