నేను కోసేసిన అంచు

పోయిన నెలలో డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉన్న మా ఇంటికి రంగులు వేయిద్దామని హాల్లో గోడల మీది పటాలన్నీ దించి భోజనాల బల్ల మీద పేర్చాం. ఈ దేశంలోనే పుట్టి పెరిగిన మా కోడలు ఒక్కొక్క పటాన్నీ మెత్తని గుడ్డతో తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయి, "అత్తయ్యా, డోంట్ మైండ్, నేను ఎప్పట్నుంచో అడుగుదామనుకుంటున్నా. మన లివింగ్ రూమ్‌లో ఇంతమంది వైట్ లేడీస్ బట్టలు ఉతుకుతూ, పప్పు ఏరుతూ ఎందుకున్నారు? వీళ్ళు మీకు తెలుసా?" అని అడిగింది. ఫక్కున నవ్వాను గాని, ఆ పిల్ల అడిగినదాంట్లో న్యాయముంది. మనవాళ్ళదంటూ మా మామగారి ఫొటో ఒక్కటే ఉన్న ఆ గోడ మీద, వరండాలో కూర్చుని బఠానీలు ఒలిచే ముసలమ్మలూ, మంగలి షాపులో వంతు కోసం కాచుకున్న కూలీలూ, ట్రామ్‌లో అన్నం డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని కునికే ఆడపిల్లలూ పాతికమంది దాకా ఉన్నారు. పంతొమ్మిది వందల తొలి ఏళ్ళలో అమెరికాలో రాతి మీద గీసి అచ్చు తీసిన బొమ్మలు, లితోగ్రాఫులంటారు వాటిని. అవి మా ఇంటికి ఎలా చేరాయో కోడలికి చెప్పినంత మీకూ చెబుతాను.

డెబ్బైల చివర మా వారికి డెట్రాయిట్ దగ్గర కార్ల కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం వచ్చి మేము ఇక్కడికి వచ్చిన రోజుల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది చలి కాదు, వీధిలో మనిషి కనపడకపోవడం. పొద్దున్నే గరాజ్ తలుపు లేస్తుంది, కారు బయటికొస్తుంది, తలుపు పడుతుంది, సాయంత్రం అదే వరస తిరగబడుతుంది. గుంటూరులో మా పక్కింటివాళ్ళు ఏం కూర వండారో మాకు వాసనను బట్టి తెలిసేది, ఇక్కడ పక్కింట్లో ఎంతమంది ఉంటారో తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మా అబ్బాయిని డే కేర్‌లో వేశాక ఇంట్లో కూర్చోలేక, కారులో పది నిమిషాల దూరంలో ఉన్న ఒక ఫ్రేముల షాపులో సగం పూట పనికి చేరాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి పటాలు కట్టడమేమిటని తలా ఒక వంటకం తెచ్చుకునే మా తెలుగువాళ్ళ పాట్‌లక్కు భోజనాల్లో ఒకరిద్దరు జాలిపడ్డారు గాని, జిగుర్లూ కాగితాలూ నాకు లాబొరేటరీని గుర్తుచేసేవి.

షాపు యజమాని అరవై దాటిన పెద్దాయన. చిన్నతనంలో అచ్చు పనిలో ఉండి వచ్చినవాడు. లితోగ్రాఫ్ అంటే ఏమిటో ఆయనే చెప్పాడు. నున్నని సున్నపురాయి పలక మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీస్తారు, రాయిని తడుపుతారు, దాని మీద సిరా రుద్దితే జిడ్డున్నచోట పట్టుకుంటుంది, తడి ఉన్నచోట పట్టదు, పైన కాగితం వేసి నొక్కుతారు. తలంటుకి నూనె రాసుకున్న ఒంటి మీద నీళ్ళు నిలవకుండా జారిపోవడం నాకు తెలుసు కాబట్టి ఒక్కమాటలో అర్థమైంది.

చేరిన రెండో చలికాలంలో జరిగింది నేను చెప్పబోయే సంగతి. రిటైరైన ఒక టీచరమ్మ, డెబ్బై ఏళ్ళావిడ, ఒంటరిగా ఉండేది, పాత ఫ్రేము విరిగిపోయిందని ఒక లితోగ్రాఫ్ తెచ్చి ఇచ్చింది. ఇంటి పెరట్లో సోమవారం ఉతుకుల దృశ్యం, ఈ దేశంలో పూర్వం బట్టలుతికే రోజు సోమవారమేనట. ఒకావిడ దుప్పటి దండేనికి ఆరేస్తోంది, రెండో ఆవిడ చేతులు మోచేతుల దాకా తడిసి, బట్టలు పిండే మర పిడిని ఒళ్ళంతా వంచి తిప్పుతోంది, తొట్టిలోంచి ఆవిరి లేస్తోంది. ఆ రోజు యజమాని ఊళ్ళో లేడు. ఆవిడ కోరిన ఫ్రేము సైజుకి కాగితం రెండంగుళాలు ఎక్కువొచ్చింది. కింది అంచు ఎలాగూ టీ మరకలాగా గోధుమరంగు తిరిగి ఉంది, దాని మీద ఏవో పెన్సిలు గీతలు మసగ్గా ఉన్నాయి, ఏ కొట్టువాడో రాసుకున్న లెక్కలనుకున్నాను. స్కేలు పెట్టి, కొత్త బ్లేడుతో, వెంట్రుకవాసి వంకర లేకుండా కోసేశాను. నా చేతిపని చూసుకుని మురిసిపోయాను కూడా.

మర్నాడు కాక ఆ మర్నాడు పెద్దాయన వచ్చి పటాన్ని వెలుగులో పట్టుకుని చూసి, "కింద రాత ఏదమ్మా?" అని మెల్లగా అడిగాడు. చెత్తబండి ఆ ఉదయమే వచ్చి వెళ్ళింది. నేను వెనకాల ఉన్న డబ్బా తలకిందులు చేసి చూశాను, ఖాళీ. ఆ పటానికి పాత ఫ్రేము ఒకప్పుడు కట్టింది ఆయనేనట, ఆ అంచు మీద ఉన్నవి చిత్రకారుడి సంతకమూ, బొమ్మ పేరూ, వాటి కింద ఎవరికో రాసిన రెండు వరసలూ అని చెప్పాడు. ఆయన నన్ను కసురుకోలేదు, "నా చేయి జారిందని నేను చెబుతాను, నువ్వేం మాట్లాడకు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా వారికి చెప్పి ఏడ్చాను. ఆయన షూ కూడా విప్పకుండా విని, "ఆయన్ని చెప్పనివ్వకు. నువ్వే వెళ్ళి చెప్పు. పద, నేను డ్రైవ్ చేస్తాను" అన్నారు. పిల్లాణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, షాపు దగ్గర ఆగి పటం తీసుకుని, ఆ మంచులోనే వెళ్ళాం.

టీచరమ్మ తలుపు తీసింది, లోపలికి రమ్మంది. నేను వచ్చీరాని ఇంగ్లీషులో జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ పటం తీసుకుని దీపం కిందికి వెళ్ళి, తెగిన అంచు వెంబడి బొటనవేలితో ఒకసారి నిమిరి, ముందు ఒక పేరు, తర్వాత ఈ మాటలు పుస్తకం చదువుతున్నట్టుగా చెప్పింది: "మూడు సోమవారాలు మీ పెరట్లో నన్ను కూర్చోనిచ్చినందుకు, పని ఒక్క నిమిషం కూడా ఆపనందుకు, కృతజ్ఞతలతో." మర తిప్పుతున్న ఆవిడ వాళ్ళమ్మ. భర్త పోయాక నలుగురి బట్టలూ ఉతికి ఈ కూతుర్ని చదివించిన మనిషి. ఆవిడ పేరు ఎక్కడైనా ఎవరైనా గౌరవంగా రాసిన చోటు అదొక్కటేనట. "మీరు చెప్పడానికి వచ్చారు, మంచిది. ఇక వెళ్ళండి" అంది. తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది. ఆవిడ గట్టిగా అరిచినా నాకు అంత కష్టమనిపించేది కాదేమో.

వారం రోజులు నాకు అన్నం సయించలేదు. అప్పుడు పెద్దాయన ఒక మాటన్నాడు. లితోగ్రాఫ్ ఒక్కటే ఉండదు, ఒకే రాయి మీంచి చాలా ప్రతులు తీస్తారు, ఆ సోమవారం బొమ్మ ఇంకెక్కడో ఎవరి ఇంట్లోనో సంతకంతో సహా ఉండే ఉంటుంది అని. వెతికి తెచ్చి ఆవిడకివ్వాలని ఆ క్షణాన అనుకున్నాను. ఒక సీజన్‌లో దొరికిపోతుందనుకున్నాను, నాలుగేళ్ళు పట్టింది.

ఆ నాలుగేళ్ళ శనివారాల గురించి చెప్పాలంటే మా పాత కారు గురించి చెప్పాలి. పొద్దున్నే పులిహోర స్టీలు డబ్బాలో సర్ది, పేపర్లో, ఇళ్ళ ముందు పాతసామాన్లు అమ్ముకునే గరాజ్ సేల్‌ల అడ్రసులకి ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, మ్యాపు నా ఒళ్ళో పెట్టుకుని బయల్దేరేవాళ్ళం. మా వారు దీన్ని 'శనివారం డ్యూటీ' అనేవారు. ఎవరో పోయాక వాళ్ళ ఇంటి సామానంతా అమ్మేసే చోట్లకి వెళ్ళేవాళ్ళం, చర్చిల బేస్‌మెంట్లకి వెళ్ళేవాళ్ళం, పాత పుస్తకాల కొట్లలో దుమ్ము దులిపేవాళ్ళం. చీర మీద కోటు తొడుక్కుని, పక్కన పిల్లాడితో, భూతద్దం పెట్టి పటాలు చూసే నన్ను చూసి మొదట వింతపడిన ముసలివాళ్ళే, ఏం వెతుకుతున్నానో చెప్పాక, "కిందికి రామ్మా, మా అమ్మ సామాను ఇంకా ఉంది" అని బేస్‌మెంట్ మెట్లు దింపేవాళ్ళు. యంత్రం మీద అచ్చయిన బొమ్మలో చుక్కలు వరసగా ఉంటాయని, రాతి అచ్చులో ఇసక చల్లినట్టు ఎగుడుదిగుడుగా ఉంటాయని అలా చూసీ చూసీ నేర్చుకున్నాను.

సోమవారం బొమ్మ దొరకలేదు గాని దాని చుట్టాలన్నీ దొరికాయి. ఐసు గడ్డలు మోసేవాడు, పొయ్యి పక్కన కుర్చీలోనే నిద్రపోయిన వంటావిడ, మేడమెట్ల మీద కూర్చుని ఒకరి జుట్టు ఒకరు దువ్వుకుంటున్న అక్కాచెల్లెళ్ళు. ఒక్కొక్కటే కొని ఇంటికి తెచ్చుకున్నాను. నేను ఇన్నేళ్ళుగా వీధిలో వెతికినా కనపడని అమెరికా మనుషులు ఇక్కడున్నారన్నమాట అనిపించేది. వాళ్ళకీ వరండాలుండేవి, వాళ్ళూ పప్పు ఏరుకుంటూ ఎదురింటావిడతో కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఆ పటాలు గోడకి తగిలించాక నాకు ఇల్లు నిండినట్టయింది.

అన్నీ సంతోషంగా కొన్నవి కావు. ఎనభైల మొదట్లో మా చుట్టుపక్కల కార్ల ఉద్యోగాలు ఊడిపోతున్న రోజుల్లో, పని వెతుక్కుంటూ టెక్సాస్ వెళ్ళిపోతూ ఇంటి ముందు మంచాలూ గిన్నెలూ పరుచుకుని అమ్ముకున్నవాళ్ళు ఎందరో. మంగలి షాపు బొమ్మ అలాంటి ఇంటి ముందే దొరికింది. "మా తాతయ్య ఇష్టపడేవాడు" అని ఆ అమ్మాయి కాగితంలో చుట్టి ఇస్తుంటే, రేపు మా వంతు కూడా రావచ్చునని మా వారు కారు దగ్గరే నిలబడిపోయారు, దగ్గరికి రాలేదు.

నాలుగో ఏడు శీతకాలంలో పక్క రాష్ట్రంలోని టొలీడో దగ్గర ఒక చర్చి బేస్‌మెంట్‌లో, పిల్లికూనల కేలండర్ బొమ్మ ఒకటి పెట్టిన పాత ఫ్రేము చేతికొచ్చింది. ఫ్రేము బాగుందని వెనక అట్ట విప్పాను. కేలండర్ వెనకాల ఇంకో కాగితం. ముందు నాకు కనిపించింది మర పిడి. తర్వాత మోచేయి. కింద రెండంగుళాల అంచు, తెల్లగా, నిండుగా, బొమ్మ పేరూ సంతకమూ చెక్కుచెదరకుండా. నేను "ఏమండీ!" అని కేకేసిన కేకకి కేకులమ్ముకుంటున్న ఆవిడ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

ఇంటికి వెళ్ళలేదు, తిన్నగా టీచరమ్మ ఇంటికే వెళ్ళాం. నాలుగేళ్ళలో ఆవిడ చేతికి ఊతకర్ర వచ్చింది. నన్ను గుర్తుపట్టింది, మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. నేను తెచ్చిందాన్ని బల్ల మీద పరిచాను. ఆవిడ లోపలికి వెళ్ళి తన పటం తెచ్చి పక్కన పెట్టింది. చాలాసేపు రెండింటినీ మార్చి మార్చి చూసింది. నేను తెచ్చిన ప్రతిలో నలుపు గాఢంగా ఉండి వాళ్ళమ్మ మొహం బాగా తెలుస్తోంది, కింది పెదవి పంటితో నొక్కిపట్టి ఉందన్న సంగతి ఆవిడకి ఇన్నేళ్ళూ తెలియదట. "అమ్మ అలాగే చేసేది" అంది. కళ్ళు తుడుచుకుంది.

కానీ తీసుకోలేదు. "ఇది మీరు ఉంచుకోండి. నాది మా అమ్మ చేతుల్లోంచి వచ్చింది" అని, సొరుగులోంచి పెన్సిలు తీసి నా ముందు పెట్టింది. తన పటం వెనక్కి తిప్పించి, "రాయండి. నా చేయి వణుకుతుంది. పైగా కోసింది మీరే కదా" అంది. ఆవిడ చెబుతుంటే ఆ రెండు వరసలూ, వాళ్ళమ్మ పేరుతో సహా, నా అక్షరాలతో రాశాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చదివి, "కూర్చోనిచ్చినందుకు తర్వాత కామా ఉండాలి" అంది. పెట్టాను. అప్పుడు నవ్వింది, కాఫీకి నీళ్ళు పెట్టింది.

ఆ తర్వాత ఆరేళ్ళు, ఆవిడ పోయేదాకా, నెలకో శనివారం మా పటాలు ఒకటో రెండో పట్టుకెళ్ళేదాన్ని. ఏ బొమ్మలో ఎవరేం చేస్తున్నారో ఆవిడ విడమరిచి చెప్పేది. పిండే మరలో వేళ్ళు ఎలా నలిగేవో చెప్పింది. తెల్లబట్టలకి ఆఖరి జాడింపులో వాళ్ళమ్మ నీలిమందు కలిపేదని ఒకరోజు చెప్పబోతూ, దాన్ని నాకు ఎలా వివరించాలా అని తడుముకుంటుంటే, "మా అమ్మా కలిపేది, ఎక్కువైతే మా నాన్న పంచె ఆకాశంలా తయారయ్యేది" అన్నాను. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. ఆవిడ మరణం తర్వాత ఆ పటం మేనకోడలికి వెళ్ళింది, ఎక్కడో ఒరెగాన్‌లో ఉంది, వెనకాల నా రాత ఇంకా ఉందో లేదో తెలియదు.

పెద్దాయన షాపు స్థలంలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మొన్నొకరోజు సరదాకి ఆ బొమ్మ పేరు ఫోనులో కొట్టి చూశాను, నిమిషం కూడా పట్టలేదు, మూడు ప్రతులు అమ్మకానికి వచ్చేశాయి, అంచులతో సహా, ఇంటి గుమ్మంలోకి తెచ్చి పడేస్తారట. సంతోషించాల్సిందే. ఆ రోజుల్లో ఈ సౌకర్యమే ఉంటే నా తప్పు ఆ వారంలోనే సర్దుకునేదాన్ని, నాలుగేళ్ళు మనసులో ముల్లు ఉండేది కాదు. కానీ ఆ నాలుగేళ్ళలో ఎన్ని ఇళ్ళ మెట్లు దిగామో, ఎందరు ముసలమ్మలు మా పిల్లాడి చేతిలో బిస్కెట్టు పెట్టి తమ తల్లుల గురించి చెప్పారో తలుచుకుంటే, అవన్నీ నాకు దక్కకుండా పోయేవి కదా అనిపిస్తుంది. ఇప్పుడు ఈ వీధిలోనే ఏ ఇంటి బెల్ నొక్కినా తలుపు తెరుచుకునే లోపల ఒక చిన్న కెమెరా కన్ను మనల్ని చూసి, మీరెవరు, ఏం కావాలి అని అడుగుతుంది. పోయిందేదో వెతుక్కుంటున్నాను, లోపలికి రావచ్చా అని దానికి చెప్పడం నాకు చేతకాదు.