ఏడుపు మీద హక్కు

మా అమ్మ నాన్నను పేరు పెట్టి పిలవడం నేను ఒక్కసారే విన్నాను. కాపురం చేసినన్నాళ్లూ ఆయన ఆమెకు "మాయన". రేషన్ కార్డు రాసేవాళ్లు భర్త పేరు అడిగితే పక్కనున్న ఆడమనిషి వైపు చూసేది. ఆ మనిషి చెప్పేది. భావనపాడులో చేపల వేట నుంచి వచ్చి, తిండి తిని పడుకున్న నాన్న మళ్లీ లేవలేదు. ఆ పొద్దున శవం పక్కన కూర్చుని అమ్మ ఆయన్ని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది.

మా వైపు ఆడవాళ్లు చావింట్లో మాటలు కట్టి, రాగం తీసి ఏడుస్తారు. "వల నాను ఎండేసినాను, మడతెట్టకుండా ఎలిపోనావా" అని అమ్మ అంటుంటే చుట్టూ ఉన్నవాళ్లు అందుకున్నారు. మా మేనమామ కొడుకు దాన్ని ఫోన్లో రికార్డు చేశాడు. వాడు నాకంటే నాలుగేళ్లు చిన్న, పెళ్లిళ్లకు డీజే పెడతాడు. వాళ్ల నాన్న గుజరాత్‌లో వేట బోట్ల మీద పనికెళ్లి ఉండిపోయి చావుకు అందలేదు. ఆయనకు పంపడానికి అన్నాడు. నేను వద్దనలేదు.

ఆరు నెలల తర్వాత నెల్లిమర్లలో, నేను పనిచేసే బడి నుంచి వస్తూ రోడ్డు మీద కూరలు కొంటున్నాను. పెళ్లి ఊరేగింపు వచ్చింది. వ్యాను మీది స్పీకర్లలో అమ్మ గొంతు. నాన్న పేరు, డప్పు, మళ్లీ పేరు, డప్పు. మధ్యలో ఒకసారి వల మాట. పేరు వచ్చినప్పుడల్లా పెళ్లికొడుకు స్నేహితులు చేతులెత్తి తామూ అరుస్తున్నారు. ఆ వ్యాను దాటేదాకా సంచి పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు నాకు దుఃఖం రాలేదు. రికార్డు చేసినవాడిని కొట్టాలనిపించింది.

ఆదివారం ఊరెళ్లాను. వాడు గుమ్మం ముందు స్పీకర్ విప్పి వైర్లు అతికిస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఇన్నావా ఒదినా? నాను నెట్ల ఎట్టిన అత్త పాట ఒరిస్సా దాకా ఎలిపోనాది."

"అది పాట కాదు. తీసెయ్."

"ఏటి తీసీడం? ఫోన్లో డేటా ఉన్నోడల్లా సూస్తన్నాడు. అత్తకి పేరొచ్చింది గదా."

"మా నాన్న శవం ముందు ఏడ్చిన ఏడుపురా అది."

"సరే, ఏడుపే. ఆ వల మాట అత్తదేటి? తాత పోనప్పుడు మీ నాయనమ్మా అలాగే ఏడిసింది. ఆవిడ ఎవుల కాడ నేర్సిందో. అందరూ తీసుకోవచ్చు గానీ, నాను బీటేస్తే దొంగనా?"

వాడన్నది నిజం. అందుకే కోపం ఇంకా పెరిగింది.

"మాటలుంచుకో. పేరు తీసెయ్."

"పేరు తీసీస్తే ఏటున్నాది? జనం ఎగిరేది దానికే. ఇన్ని పుస్తకాలు సదివినావు, ఆ మాత్రం తెల్దేటి?"

అమ్మకు అప్పటికే తెలుసు. ఊరేగింపు వస్తే తలుపేసుకుంటోందట. వాడితో జరిగిన మాటలు చెబితే, "మాటలు అందరివీనే," అంది. "పేరొక్కటే నాది. అది తీయించు."

వాడు దాన్ని పెట్టిన వీడియోల సైటుకు ఫిర్యాదు పెట్టాను. ఈ రచన పూర్తిగా మీదేనా అని అడిగే గడి ఒకటుంది. పేరొక్కటే మాది అని చెప్పుకోడానికి గడి లేదు. పేరు మీద కాపీరైటు ఉండదని నాకు తెలుసు. రచయిత అన్నచోట అమ్మను రాశాను. మాటలూ రాగమూ మొత్తం ఆమె సొంతమని టిక్కు పెట్టాను. అబద్ధమని తెలిసే పెట్టాను. వారంలో వాడి వీడియో పోయింది. దాన్ని కాపీ కొట్టినవాళ్లవీ ఒక్కొక్కటిగా వెతికి తీయించాను.

వాడు ఫోన్ చేశాడు. అరవలేదు.

"మంచి పని సేసినావు ఒదినా. రేపు మా అమ్మ పోతే ఎవుల్ని అడిగి ఏడవాల? నీకు దరకాస్తు ఎట్టుకోవాలేటి?"

"నోరు ముయ్యి," అని పెట్టేశాను.

ఇదే మాట వాడు ఊరంతా చెప్పుకున్నాడు. వల మాట అమ్మ పేరున రిజిస్టరైందని, ఇంకెవరైనా పాడితే కేసవుతుందని కొందరు నమ్మారు. విని నవ్వాను.

మరుసటేడు మా వీధిలో ఒక ముసలామె పోయింది. నాన్న శవం దగ్గర అమ్మతో గొంతు కలిపిన మనిషి. అమ్మతో నేనూ వెళ్లాను. పోయినావిడ కూతురు రాగం తీసింది. వల మాట రావలసిన చోట ఆగి, మా అమ్మ వైపు చూసింది. మిగతా ఆడవాళ్లూ చూశారు. అది భయమో, దెప్పడమో నాకు తెలియలేదు. కూతురు ఆ మాట వదిలేసి ముందుకు పోయింది. అప్పుడు అమ్మే అందుకుని దాన్ని పాడింది. ఎవరూ గొంతు కలపలేదు.

ఇంటికి నడుస్తూ అమ్మ అడిగింది. "నువ్వు రాసింది ఎనక్కి తీసుకోడానికి అవుతాదేటి?"

"అవుతుంది. తీసుకుంటే ఆ వీడియోలు మళ్లీ వస్తాయి. పేరుతో సహా."

"అయితే ఉండనీ," అంది.

ఫిర్యాదు నేను వెనక్కి తీసుకోలేదు. వాడి మీద కోపమూ తగ్గలేదు. కానీ ఆ వీధిలో ఆ మాట పాడటం మాన్పించింది వాడు కాదు.