చీపురమ్మ ఊడ్చిన గడ్డి

గుర్రాల శాలలో ఆవిణ్ణి అందరూ చీపురమ్మ అంటారు. ముప్పై ఏళ్ళుగా చీపురు చేతిలోంచి దించితేగా! ఎండుగడ్డి పరక ఒక్కటి కింద రాలినా ఊరుకునే మనిషి కాదు. వాన మొహం చూడని ఆ నేలలో గడ్డి దొరకడమే గగనం మరి.

ఆ రోజు పొద్దున బూడిదరంగు ఆడగుర్రం మేత ముట్టలేదు. ముందుకాలితో నేల తవ్వుతూ, మాటిమాటికీ పొట్టవైపు తిరిగి చూసుకుంటోంది. పుట్టగానే తల్లి చచ్చిపోతే, చీపురమ్మ సీసాతో పాలు పట్టి పెంచిన పిల్ల అది. ఆవిడ వెంటనే పశువుల డాక్టరైన అక్క కూతురికి ఫోన్ చేసింది.

డాక్టరమ్మ ఉరుకుల మీద వచ్చి గుర్రం పొట్ట అడుగున స్టెతస్కోపు పెట్టింది.

"నువ్వూ విను పిన్నీ."

లోపల ఎవరో ఇసుక జల్లెడ పడుతున్నట్టు చప్పుడు.

"పేగుల్లో ఇసుక పేరుకుపోయింది. కదిలితే సరే."

"కదలకపోతే?"

డాక్టరమ్మ గుర్రం ముక్కులోంచి గొట్టం వేసి, విరేచనం అయ్యేలా నూనెలో కలిపిన ఇసబ్గోలు పొట్టు పొట్టలోకి పంపింది.

"తొట్టి ఎత్తులోనే ఉందిగా. కింద రాలిన గడ్డి ఏరుకు తింటోందా?"

"రాలింది రాలినట్టు వదిలేస్తానా? ఎప్పటికప్పుడు ఊడ్చి, మళ్ళీ తొట్టిలోనే..."

చీపురమ్మ మాట సగంలో ఆగిపోయింది. తను ఊడ్చేది ఇసుక నేల!

"ఓరి నాయనో! ఇన్నాళ్ళూ నా చేత్తో నేనే పెట్టానే!"

"ఏడుపు తర్వాత పిన్నీ. ముందు నడిపించు. పడి దొర్లిందంటే పేగు మెలిపడుతుంది."

ఎండ నడినెత్తికొచ్చింది. గుర్రం మోకాళ్ళు రెండుసార్లు వంగాయి. "పడ్డావంటే చంపేస్తాను, పద!" అని తిడుతూనే చీపురమ్మ వలవలా ఏడ్చింది. మధ్యాహ్నం దాటినా లద్ది పడలేదు. పాపిష్టిదాన్ని, పాలు పట్టిన చేత్తోనే ప్రాణం తీశానని కుమిలిపోయింది.

పొద్దు వాలుతుండగా గుర్రం తోక ఎత్తింది. డాక్టరమ్మ ఆ లద్ది బకెట్లో వేసి, నీళ్ళు పోసి కలిపింది. అడుగున రెండు గుప్పిళ్ళ ఇసుక దిగింది.

"కదిలింది పిన్నీ! గండం గడిచింది. ఇకమీదట తొట్టి కింద రబ్బరు చాప పరిచెయ్యి. వారానికోసారి లద్ది ఇలా కలిపి చూడు."

మళ్ళీ పొట్ట విని, డాక్టరమ్మ తడిపిన గడ్డి కాస్త అందించింది. గుర్రం మొహం తిప్పుకుని చీపురమ్మ వైపు చూసింది.

"నువ్వే పెట్టవే. నా చెయ్యంటే నాకే భయంగా ఉంది."

"నేను పెడితే తినట్లేదు పిన్నీ, చూస్తున్నావుగా!"

చీపురమ్మ చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. అరచేతిలో నాలుగు పరకలు పెట్టి చాపింది.

గుర్రం వాసనైనా చూడకుండా తినేసింది.