రొయ్యలకు పురుడు

మా అత్తయ్య బందరులో సగం ఊరికి పురుడు పోసింది. ఆ సగంలో రొయ్యలు కూడా ఉన్నాయని చెప్తే మా మనవలు నవ్వుతారు. నవ్వుకోనీండి. నేను కళ్ళారా చూశాను.

అరవైల మొదట్లో నాకు పెళ్ళయింది. మా నాన్న తోట్లవల్లూరు దగ్గర కాలువ లాకుల మీద లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, పడవలొస్తే దారివ్వడం ఆయన పని. లాకుల పక్కనే మా క్వార్టరు. నీళ్ళ హోరు లేకుండా నిద్రపోవడమంటే ఏమిటో పెళ్ళయ్యేదాకా నాకు తెలీదు. లాకు గోడకి పట్టిన పాచిలో చిన్న చిన్న రొయ్యలుండేవి. ఒళ్ళంతా గాజే. కడుపులో ఏం తిన్నాయో కూడా కనపడేది. కూరకి పనికిరావు కనక వాటి జోలికి ఎవరూ వెళ్ళరు. నేను మాత్రం గాజుసీసాలో నీళ్ళు పోసి, ఇంత నాచు వేసి, వాటిని పెంచుకునేదాన్ని.

కాపరానికి వెళ్ళేటప్పుడు సారెతోపాటు ఆ సీసా కూడా పట్టుకెళ్ళాను. ఎవరు చెప్పినా వినలేదు. ఎద్దుబండిలో ఉయ్యూరు దాకా, అక్కణ్ణుంచి బస్సులో బందరు దాకా సీసా నా ఒళ్ళోనే ఉంది. కుదుపులకి నీళ్ళు తొణికి కొత్త పట్టుచీర తడిసి ముద్దయింది. పక్కన కూర్చున్న మా ఆయనకి నన్నేమన్నా అనడానికి ఇంకా చనువు చాలదు. పాపం, బందరు వచ్చేదాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నారు.

మా అత్తయ్య ఆసుపత్రిలో పురుళ్ళ వార్డులో నర్సు. మావయ్యగారు పోయి చాలా ఏళ్ళయింది. తెల్లచీర, నల్లగొడుగు, ఎవరినైనా పేరుపెట్టి పిలిచే గొంతు. వీధిలో ఆవిడ నడుస్తుంటే పెద్దపెద్ద మొగాళ్ళు పక్కకి తప్పుకునేవారు. వాళ్ళలో సగంమంది బొడ్డు కోసింది ఆవిడే మరి. గుమ్మంలోనే మా ఇద్దరి తలలమీద చేతులుంచి ప్రార్థన చేసింది. కళ్ళు తెరిచి నా చేతిలో సీసా చూసింది. గోంగూరలోకైనా చాలవు కదే ఇవి, అంది. వెక్కిరింపుగా కాదు, నిజంగానే లెక్కవేసి చెప్పింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఏడవడానికి బందరులో నాకు అంతకన్నా పెద్ద కారణమే ఉంది. పెరట్లో ఉప్పునీళ్ళ బావి. అవి నీళ్ళనడానికి నాకు నోరు రాలేదు. తల రుద్దుకుంటే కుంకుడు నురుగు రాదు. ఎసట్లో పోస్తే పప్పు ఉడకదు. తాగే నీళ్ళు మాత్రం చెరువు నుంచి కావిడి మనిషి తెచ్చి పోసేవాడు. వాటిని ఇత్తడి బిందెలో పోసి మూతపెట్టి, తాళం ఒక్కటే వెయ్యకుండా, అత్తయ్య కాపలా కాసేది. కాలువ ఒడ్డున పుట్టినదాన్ని, గ్లాసుతో కొలిచి నీళ్ళు తాగడం నాకు ఎంత చిన్నతనంగా ఉండేదో చెప్పలేను.

ఆ కొలిచిన నీళ్ళలోంచే రొయ్యలకి పోసేదాన్ని. లాకు నీళ్ళలో పెరిగినవాటికి ఈ ఉప్పునీళ్ళు పోస్తే చంపినట్టే కదా అని నా భయం.

మా ఆయన చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకి పూత వేసేవారు. మెత్తని మనిషి. నా ముచ్చట చూసి పనిచేసే చోటునుంచి ఒక పెద్ద గాజుతొట్టి సంపాదించుకొచ్చారు. రెండుసార్లు కడిగారు కూడా. అందులో రొయ్యల్ని వదిలితే సాయంత్రానికి సగం తెల్లగా పాలిపోయి అడుగున పడిపోయాయి. పూతపనిలో రాగి కలిసిన మందునీళ్ళు తాగిన తొట్టి అది. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. నాకు ఆయనమీద ప్రేమ మొదలైంది ఆ రాత్రేనని అనుకుంటాను. పైకి మాత్రం చాలారోజులు సాధించాను.

ఆ తప్పు దిద్దుకోవడానికి ఆయన ముదినేపల్లి వెళ్ళినప్పుడు పంటబోదెలో పట్టి ఒక చేపల జంట తెచ్చారు. పేరేమిటో ఎవరికీ తెలీదు. మేం బుడగచేపలనేవాళ్ళం. మగచేప నీటిమీద నోటితో బుడగలు ఊది, నురుగు కట్టి, దాన్లో గుడ్లు పెట్టించి, తిండి మానేసి కాపలా కాసేది. కిందికి జారిన గుడ్డుని నోటితో పట్టి మళ్ళీ నురుగులో అతికించేది. ఆడచేప దగ్గరికొస్తే తరిమేది. మా అత్తయ్య స్టూలు వేసుకుని ఇదంతా చూసి, పురుళ్ళ వార్డు బయట బీడీలు కాల్చే మొగుళ్ళందరినీ తెచ్చి ఈ చేపని చూపించాలంది. దోమపిల్లల్ని వేస్తే చాలు, ఆ జంట ఏ నీళ్ళలోనైనా సంసారం చేసుకునేది. పిల్లలు పుట్టేవి, పెరిగేవి.

రొయ్యల సంగతే అలా కాదు. ఆడరొయ్య గుడ్లని పొట్టకింద పెట్టుకుని మోస్తుంది. గుడ్లు ముందు ఆకుపచ్చగా ఉంటాయి, తర్వాత పాలిపోతాయి, చివరికి ఒక్కోదాన్లో రెండు నల్లచుక్కలు కనిపిస్తాయి. అవి కళ్ళు. ఈ సంగతి కనిపెట్టింది అత్తయ్యే. అక్కణ్ణుంచి ఆవిడ ఆగలేకపోయింది. కడుపుతో ఉన్న ప్రాణి ఇంట్లో ఉంటే, అది రొయ్యైనా సరే, పట్టించుకోకుండా ఉండడం ఆవిడ చేతకాదు. డ్యూటీకి వెళ్ళేముందు సీసాని కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూసి, నెలలు నిండాయే అనేది. ఆసుపత్రిలో పక్కన పడేసిన తెల్ల ఎనామిల్ బేసిన్ ఒకటి ఇంట్లో ఉండేది. నిండిన రొయ్యని దాన్లోకి మార్చేది. దానికి లేబర్ రూమని మా ఆయన పేరుపెట్టారు.

తెల్లారేసరికి బేసిన్ నిండా ధూళిలాగా పిల్లలు. తలకిందులుగా, తోక ముందు పెట్టి ఈదేవి. తవుడు వేశాను. గంజి వేశాను. అత్తయ్య ఉడికించిన గుడ్డులో పచ్చసొన గుడ్డలో వేసి పిండింది. ఏంచేసినా వారం తిరిగేలోపు ఒక్కటి మిగిలేది కాదు. మళ్ళీ రొయ్య గుడ్లు పెట్టుకునేది, మళ్ళీ పుట్టేవి, మళ్ళీ పోయేవి. బేసిన్ అత్తయ్యే కడిగి బోర్లించేది. వార్డులో బిడ్డ దక్కని రోజు ఎలా ఇంటికొచ్చేదో అలాగే ఉండేది.

ఆ చలికాలంలో మా నాన్న రిటైరై, క్వార్టరు అప్పజెప్పి, దివిసీమలో మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోయాడు. లాకుల దగ్గర మాకింక నిలబడే చోటు లేదు. రొయ్యలు ఏ కాలువలోనైనా దొరుకుతాయి, నిజమే. కానీ మా లాకు గోడ నుంచి వచ్చినవాటిలో మిగిలినవి నాలుగే. అవీ ముసలివైపోతున్నాయి. వాటి పిల్లలు బతక్కపోతే నేను పుట్టిన చోటు నుంచి నా దగ్గర ఏదీ మిగలదు. ఇంత చిన్నదానికి అంత బాధేమిటని ఎవరైనా నవ్వొచ్చు. బాధ మాత్రం ఉంది.

వేసవిలో కాలువలు కట్టేశారు. చెరువులో నీళ్ళు అడుగంటాయి. కావిడి మనిషి రోజు విడిచి రోజు రావడం మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం నా వంతు మంచినీళ్ళు బేసిన్‌లో పోస్తూ అత్తయ్యకి దొరికిపోయాను. నా పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. ఆవిడ వాటినీ చూసింది, బేసిన్‌నీ చూసింది.

"మనుషులకే లేవమ్మాయ్. బావినీళ్ళు పొయ్యి. బతికితే బతుకుతాయి."

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. నా చేత్తో విషం పొయ్యమంటున్నట్టే తోచింది. సాయంత్రం మా ఆయన రాగానే, ఈ ఊళ్ళో ఏదీ బతకదండీ, గుడివాడ వెళ్ళిపోదాం అన్నాను. గుడివాడలో మా పిన్ని ఉంది. అక్కడ ఓ రైసుమిల్లులో గుమస్తా పని ఖాళీగా ఉందని ఆవిడ కబురుపెట్టి ఉంది. పూతపని మా ఆయనకి ప్రాణం. అయినా నా మొహం చూసి, నీ ఇష్టం అన్నారు. పక్కగదిలో బైబిలు చదువుకుంటున్న అత్తయ్య గొంతు ఒక్కక్షణం ఆగి, మళ్ళీ సాగింది.  నన్ను ఉండమని అనలేదు.

పిన్ని కూతురి పెళ్ళి కూడా అప్పుడే వచ్చింది. ఆ వంకన గుడివాడ వెళ్ళి, గది చూసి, మాట్లాడి వచ్చాను. పెరట్లో బావి తియ్యగా ఉంది. చేదతో తోడుకుని కడుపునిండా తాగాను. వెళ్ళేముందు ఒక రొయ్య గుడ్లలో కళ్ళు కనపడుతున్నాయి. దాన్ని బేసిన్‌లోకి మార్చి, ఇక చూడడం ఇష్టంలేక అలాగే వదిలేసి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఖాళీ బేసినే ఉంటుందని తెలుసు.

పెళ్ళి, అప్పగింతలు, పిన్ని మర్యాదలు అన్నీ అయ్యి ఇల్లు చేరేసరికి రెండు వారాలు దాటింది. గడపలో పెట్టె దింపి నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళాను. బేసిన్‌లో ధూళి కదులుతోంది. తలకిందులుగా, తోక ముందు పెట్టి, పుట్టినప్పటికన్నా కాస్త పెద్దవైన పిల్లలు. కొన్ని చచ్చిపోయాయి, కానీ చాలా ఉన్నాయి. నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. మా బావినీళ్ళంత కాదు, కన్నీళ్ళంత.

అత్తయ్య డ్యూటీ నుంచి వచ్చి, గొడుగు మూలన పెడుతూ, నేను అడక్కముందే సంజాయిషీ మొదలుపెట్టింది. నేను పోట్లాటకి దిగుతాననుకుంది కాబోలు. కావిడి మనిషి రెండు విడతలు రాలేదట. బేసిన్‌లో నీళ్ళు ఎండకి ఇగిరిపోతున్నాయట. ఒట్టి బావినీళ్ళు పొయ్యడానికి చేతులు రాలేదట.

"నా గ్లాసులోవి సగం పోశాను. తక్కిన లోటుకి బావినీళ్ళు కలిపాను. ఏంచెయ్యనే, నాక్కూడా దాహం వేస్తుంది కదా."

ఉప్పు తగిలితేనే బతికే పిల్లలని మాకప్పుడు తెలీదు. పెద్దరొయ్యలు తియ్యటి నీళ్ళలో ఉంటాయి, పసివి మాత్రం సముద్రం పక్క నీళ్ళు కోరుకుంటాయి అని చాలా ఏళ్ళ తర్వాత చేపలశాఖలో పనిచేసే ఒకాయన చెప్పగా విన్నాను. అప్పుడు నాకు అర్థమైందల్లా ఒకటే. ఎండాకాలంలో, ఆసుపత్రి నుంచి చెమటలు కక్కుతూ వచ్చిన మనిషి, తన తాగే గ్లాసులో సగం నా రొయ్యలకి పోసింది. నేను ఇల్లు విడిచి వెళ్ళడానికి గది చూసుకుంటున్న రోజుల్లో పోసింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.  గుడ్డు ఉడకబెట్టాలి వదులు, అంది.

గుడివాడ మకాం వచ్చేనెల అనుకున్నాం. సామాను ఒక్కొక్కటే సర్దుతున్నాను. రోజూ ఒక గ్లాసు మంచినీళ్ళు, ఒక గ్లాసు బావినీళ్ళు. మంచినీళ్ళ గ్లాసులో సగం నాది, సగం ఆవిడది. రాత్రి ప్రార్థనలో జబ్బు మనుషులకోసం, బాలింతలకోసం అడగడం అయ్యాక అత్తయ్య గొంతు తగ్గించి, బేసిన్‌లో ఉన్నవాటిని కూడా జ్ఞాపకం చేసుకో ప్రభువా అనేది. మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గేవారు.

ఒక ఉదయం కిటికీ దగ్గర చూస్తే, తలకిందులుగా ఈదే వాటిలో అన్నిటికన్నా పెద్దది కనపడలేదు. వెతికాను. బేసిన్ అడుగున ఉంది. చచ్చిపోలేదు. కాళ్ళమీద నిలబడింది. ఈగ కాలంత ఒళ్ళు, రెండు నల్లటి కళ్ళు, మీసాలు ఆడిస్తూ, మా లాకు గోడమీద వాళ్ళ తాతలు నడిచినట్టే ఎనామిల్ మీద నడుస్తోంది. నేను కేక పెట్టాను. మా ఆయన సగం గీసిన గడ్డంతో పరిగెత్తుకొచ్చారు. డ్యూటీకి బయల్దేరుతున్న అత్తయ్య వచ్చి బేసిన్‌ మీదికి వంగింది. చూస్తుండగానే ఇంకొకటి తిరగబడి అడుగున నిలబడింది.

ఆవిడ చాలాసేపు తల ఎత్తలేదు. గదిలో ఓ మూల కట్టిన నా ట్రంకుపెట్టె, పరుపుచుట్ట ఉన్నాయి. వాటివైపు కూడా చూడలేదు. బేసిన్‌తోనే మాట్లాడుతున్నట్టు మెల్లగా అడిగింది.

"గుడివాడలో మళ్ళీ ఇవి గుడ్లు పెట్టుకుంటే ఉప్పునీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తావే?"

ఊరందరినీ పేరుపెట్టి పిలిచే మనిషి అంత మెల్లగా అడగడం నేనెప్పుడూ వినలేదు. గుడివాడ గదికి మనం రావడంలేదని పిన్నికి కబురుపెట్టండి అని మా ఆయనతో చెప్పి, చేద తీసుకుని బావి దగ్గరికి వెళ్ళాను.