కేటలాగులూ, ఎర్ర పెన్సిలూ

నా చిన్నప్పుడు, మామిడితోటలు చేతులు మారిపోయాక కూడా తిరువూరులో మమ్మల్ని తోటలవాళ్లనే అనేవారు. రెడ్డిగూడెం వైపు తాతయ్య హయాంలో ఉన్న ఆ తోటల్ని నేను చూడనేలేదు. నాకు ఊహ తెలిసేనాటికి మాకు మిగిలినవి ఒక పెద్ద గేటు, దాని వెనక సగం అద్దెకిచ్చిన ఇల్లు, ఎవరి ముందూ తల వంచకూడదన్న నాన్నగారి మాట. ఆ మాటను నేను మరీ గట్టిగా పట్టుకున్నాను. బడిలో నలుగురూ ఎలా కూర్చున్నా నేను మాత్రం నడుము నిటారుగా పెట్టి కూర్చునేదాన్ని.

తొంభైల చివర నేను ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు మా హైస్కూల్లో లైబ్రరీ అంటే రెండు బీరువాలు, ఒక పొడవాటి బల్ల. దాన్ని చూసుకునేది మా తెలుగు మాస్టారు. ఏడాదికోసారి విజయవాడ పుస్తకాల షాపుల నుంచి కేటలాగులు పోస్టులో వచ్చేవి. పల్చటి కాగితం మీద వరుసగా పుస్తకాల పేర్లు, రాసినవారి పేర్లు, ఎన్ని పేజీలో, ధర ఎంతో ఉండేవి. వాటిలోంచి ఎంచి జాబితా రాసి పంపాలి. ఆ ఏడు హెడ్మాస్టరు గారు ముప్పై పుస్తకాలకు ఒప్పుకున్నారు. నా చేతిరాత బాగుంటుందని మాస్టారు ఆ పని నాకు అప్పగించి, తోడుగా మా తరగతిలోనే ఇంకో అమ్మాయిని ఇచ్చారు.

ఆ అమ్మాయి వాళ్ల తాత ఒకప్పుడు మా తోటలకు కాపలా ఉండేవాడు. వాళ్ల నాయనమ్మ అప్పటికీ నన్ను ‘అమ్మాయిగారూ’ అనే పిలిచేది. ఈ పిల్ల మాత్రం నన్ను నువ్వు అనలేక, తోటి పిల్లను మీరు అనడానికి సిగ్గుపడి, ఏ పిలుపూ లేకుండానే మాట్లాడేది. “ఆ స్కేలు ఇటిస్తే చాలు” అనేది, గోడతో చెప్పినట్టు.

మాస్టారిది ఒక పద్ధతి. ఒకరు కేటలాగు చూసి చదవాలి, ఇంకొకరు రాయాలి, రాసినదాన్ని చదివినవారు సరిచూడాలి. నేను రాసింది ఇంకొకరు సరిచూడడం నాకు నామోషీ. కేటలాగులన్నీ నా ముందే పెట్టుకుని, నేనే ఎంచి, నేనే రాశాను. ఆమెకు కాగితాల మీద గీతలు కొట్టే పని ఇచ్చాను. ఆమె నన్ను అడిగింది ఒక్కటే. ఆకాశంలో చుక్కల్ని గుర్తుపట్టడం నేర్పే పుస్తకం ఒక కేటలాగులో ఉందట, దాన్ని కూడా రాయొచ్చా అని. ముప్పై నిండిపోయాయి, చోటు లేదన్నాను. సరేనంది.

శుక్రవారం సాయంత్రం జాబితా మాస్టారికి ఇచ్చాను. ఆయన మొత్తం చదివారు. కళ్లజోడు పైకి నెట్టుకుని, “రేపు పోస్టులో వేద్దాం, ఇప్పుడు ఒకసారి పైకి చదువమ్మా. నువ్వు పేరు చదువు, ఈవిడ కేటలాగులో దాని మీద వేలు పెడుతుంది” అన్నారు.

చదివాను. పదకొండో పేరు దగ్గర పెట్టిన వేలు ఆమె ఇక తీయలేదు. పంతొమ్మిదో పేరుకు రెండో చేతి వేలు ఇంకో కేటలాగు మీద పెట్టి, దాన్నీ తీయలేదు. ఇరవై ఆరో పేరు వచ్చేసరికి చేతులు చాలక మూడో కేటలాగు మీద మోచెయ్యి ఆనించింది. అప్పుడు వంగి చూశాను. మూడూ పక్షుల గురించిన ఒకే పుస్తకం. ఒక షాపువాళ్లు పూర్తి పేరు వేశారు, ఇంకొకరు కుదించి వేశారు, మూడోవారు పిల్లల సెట్టులో నాలుగో భాగమని వేశారు. రాసినాయన ఒక్కడే. పేజీలు కూడా అన్నే.

“మన బీరువాలో పిట్టలు గుంపుగా వాలుతున్నాయే!” అన్నారు మాస్టారు.

నా చెవులు వేడెక్కాయి. ఆ కోపాన్ని ఆమె మీదికి తిప్పాను. “నీకు ముందే తెలుసా?”

“సోమవారమే చూశా.”

“మరి చెప్పవేం?”

ఆమె తల దించుకుని, “మీ ఇంటివాళ్లకి తప్పు చూపిస్తే మా నాయనమ్మ చంపుద్దండి” అంది. బడిలో ఆమె నన్ను ‘అండి’ అనడం అదే మొదలు.

ఆ తప్పు బయటపడితే రెండు చోట్లు ఖాళీ అవుతాయనీ, వాటిలో తన చుక్కల పుస్తకం పడుతుందనీ ఆమెకు తెలుసు. తెలిసీ నాలుగు రోజులు గీతలు కొడుతూ కూర్చుంది. అంతవరకూ ఊళ్లోవాళ్లు మా ఇంటికి ఇచ్చే మర్యాద చూసి గర్వపడేదాన్ని. ఆ మర్యాద ఒక పిల్ల నోరు నొక్కి కూర్చుందని అప్పుడే తెలిసింది.

మాస్టారు నన్ను మందలించలేదు. సొరుగులోంచి ఎర్ర పెన్సిలు తీసి ఆమె చేతిలో పెట్టి, షాపుకు తాను రాసిన ఉత్తరం ముందుకు తోశారు. “ముందు నాది దిద్దు. ఇందులో కావాలనే మూడు తప్పులు పెట్టాను. మూడూ పట్టేదాకా ఇంటికి వెళ్లేది లేదు.”

ఆమె బెదురుతూనే ఒకటి పట్టింది. “అమ్మ దొంగా, పట్టేసిందే!” అని ఆయన నెత్తి కొట్టుకున్నారు. రెండోది పట్టేసరికి ఆమె నవ్వుతోంది. మూడోది కూడా పట్టి, “ఇంకోటి కూడా ఉంది సార్” అంది. ఆయన కాగితం దగ్గరగా పెట్టుకుని చూసి, “ఇది నేను కావాలని రాసింది కాదే!” అని గది మారుమోగేలా నవ్వారు.

ఆ నవ్వు చల్లారకముందే నా జాబితా నేనే ఆమె ముందుకు జరిపాను. మొదటి ఎర్రగీత పడుతుంటే బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. మాస్టారు ఆ సమయంలో నా ముఖం చూడకుండా కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. అది ఎంత దయో పెద్దయ్యాక గానీ తెలియలేదు. పంతొమ్మిదో చోట చుక్కల పుస్తకం పేరు రాశాను. ఇరవై ఆరో చోట ఏం రాద్దామని ఆమెనే అడిగాను.

“నీ ఇష్టం” అంది. అని నాలుక కరుచుకుంది. నాకు మాత్రం ఆ మాట బాగుంది.

నా నడుము ఇప్పటికీ వంగలేదు. తోటలవాళ్లమ్మాయి అని ఎవరైనా గుర్తుపడితే ఇప్పటికీ సంతోషమే. కానీ ఆఫీసులో ఏ కాగితం రాసినా, సంతకం పెట్టేముందు నాకన్నా చిన్న ఉద్యోగి చేతికే ఇస్తాను. వాళ్లు చదువుతున్నంతసేపూ మాట్లాడను. చదవగానే ఎవరైనా “అంతా బాగుందండి” అన్నారంటే మాత్రం నాకు నమ్మకం కుదరదు. నా ముఖంలో ఏం కనిపించి భయపడ్డారో అనుకుని, కాస్త నవ్వి, మళ్లీ చూడమంటాను.